రంగం బిళ్ళ

నా పెట్టెలో రెండు వెండి వస్తువులు ఉన్నాయి. ఒకటి చుక్క, ఒకటి బిళ్ళ. రెండూ కలిపి అరచేతిలో పెట్టుకుంటే ఒక పెద్ద నిమ్మకాయ అంత బరువు ఉంటాయేమో. ఆ బరువు మోయలేక నేను ముసలివాణ్ణి అయ్యాను.

ఇది ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు చెప్పలేదు. ఆమె పోయింది. పిల్లలకు చెప్పలేదు. మీకు చెబుతున్నాను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో.

ముందే ఒక మాట. నేను వేలూరులో ఒక తెలుగు బడిలో ఐదో తరగతి దాకా చదివాను. ఆ తర్వాత ఇంత పొడుగు రాసింది ఎప్పుడూ లేదు. తప్పులుంటే దిద్దుకుని చదవండి. నా పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు గాని చదువుకున్నది తమిళం. ఈ అక్షరాలు వాళ్ళకు రావు. రాయడానికి కూర్చున్నప్పుడు, నాకు వచ్చిన అక్షరాలు ఇవే కదా, ఇంకెట్లా రాస్తాను అనుకున్నాను. కొంత రాశాక తెలిసింది, కారణం అదొక్కటే కాదని. ఈ కాగితాలు మంచం మీద మరిచిపోయి బయటికి పోయినా నా ఇంట్లో ఎవరూ చదవలేరు. అంటే ఒప్పుకుంటూ కూడా దాచుకుంటున్నాను. చూశారా నా బుద్ధి.

సరే. మొదటినుంచి చెబుతాను.

స్వతంత్రం వచ్చిన రోజుల్లో నేను వేలూరు బజారు వెనక సందులో వెండి కరిగించే అంగట్లో పని చేసేవాణ్ణి. కొలిమి తిత్తి ఊదడం, వెండి అచ్చులో పోశాక తోమి మెరుగు పెట్టడం నా పని. పాత పట్టీలు, విరిగిన మొలతాళ్ళు, సొట్టపడిన చెంబులు వచ్చేవి. ఆ ఏడాది వాటితో పాటు పటాలం మెడల్స్, మా మాటలో బిళ్ళలు, రావడం మొదలైంది. మా వైపు ఏ ఊరికి పోయినా తాతో ముత్తాతో పటాలంలో పని చేసిన ఇల్లు ఒకటైనా ఉండేది. తెల్లవాడే పోయాడు, వాడి రాణి బొమ్మ ఇంట్లో ఎందుకని కొందరు తెచ్చేవాళ్ళు. ఇల్లు గడవక కొందరు తెచ్చేవాళ్ళు. అంగడి ఆచారికి అన్నీ ఒకటే. మూసలో వేసేవాడు.

మొదటి బిళ్ళ కరుగుతుంటే నేను చూశాను. రాణి ముఖం కాసేపు అట్లాగే ఉంది. తర్వాత ముక్కు జారింది. తర్వాత బిళ్ళ అంచు మీద చిన్న చిన్న ఇంగ్లీషు అక్షరాలు ఎర్రగా వెలిగి, ఒక్కొక్కటే మాయమయ్యాయి. అవేమి అక్షరాలని ఆచారిని అడిగాను.

"సచ్చినోడి పేరు," అన్నాడు. "ఊదురా. పేరు కరగను వేరే మంట కావాల్నా?"

ఊదాను. ఊదక ఏం చేస్తాను. కానీ ఆ రోజు అన్నం తింటుంటే ఆ అక్షరాలే గుర్తుకొచ్చాయి. ఒక మనిషి ఎక్కడో సముద్రం దాటి పోయి, తుపాకులకు ఎదురు నిలబడి, బతికి తిరిగొచ్చి, పేరు వెండి మీద కొట్టించుకున్నాడు. ఆ పేరును నేను తిత్తి ఊది కరిగించాను. తర్వాతి బిళ్ళ వచ్చినప్పుడు, దాని వెండికి సరిపడా నా కూలిలో పట్టుకోమని ఆచారిని అడిగాను. నాకు పిచ్చి పట్టిందని అనుకున్నాడు. కానీ ఇచ్చాడు.

అట్లా మొదలైంది. మూసలో పడబోయేవాటిని కాపాడాను. అది మాత్రం మంచి పనే. ఇప్పటికీ అట్లాగే అనుకుంటాను. కాబూలు పోయిన వాళ్ళవి, చైనా పోయిన వాళ్ళవి, రంగం పోయిన వాళ్ళవి. రంగం అంటే రంగూను. మా వైపు పాతవాళ్ళు అట్లాగే అంటారు. కోట అగడ్త గట్టు మీద సాయంత్రం పూట కూర్చునే ఒక మాజీ హవల్దారు నాకు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు నేర్పించాడు. బిళ్ళను కంటి దగ్గర పెట్టుకుని తిప్పుతూ, అంచు మీది పేరును కూడబలుక్కుని చదివేవాణ్ణి. చదివినప్పుడల్లా ఎవరో పిలిస్తే పలికినట్టు ఉండేది.

చుక్క గురించి చెప్పింది కూడా ఆ హవల్దారే. యుద్ధానికి పోయిన ప్రతివాడికీ బిళ్ళ ఇస్తారు. ప్రాణానికి తెగించి ఏదైనా చేసినవాడికి మాత్రం చుక్క ఇస్తారు. వెండి నక్షత్రం, నడుమ నీలం రంగు, దాంట్లో రెండు కత్తులు. వందల మందిలో ఒక్కడికి వస్తే గొప్ప. అయితే తన సర్వీసులో చూసిన పాత చుక్కల మీద పేరు లేదని, బిళ్ళ మీదే ఉంటుందని చెప్పాడు. చుక్క ఒక్కటే దొరికితే ధైర్యం తెలుస్తుంది, మనిషి తెలియడు. బిళ్ళ ఒక్కటే దొరికితే మనిషి తెలుస్తాడు, ధైర్యం తెలియదు. రెండూ ఒకచోట ఉంటేనే లెక్క.

ఆ మాట విన్నప్పటినుంచి నాకు వేరే కోరిక లేదు.

ఒకరోజు అంగట్లోకి పాత వెండి మూట వచ్చింది. ఎవరో వడ్డీ వ్యాపారి ఇల్లు ఖాళీ చేస్తూ పంపించారు. దాంట్లో ఒక రంగం బిళ్ళ. రాణి కొప్పు పైన ఎవరో బొక్క పొడిచి, రాగి తీగ చుట్టారు. మెడలో వేసుకోవడానికి కాబోలు. అంచు మీద పేరు మాత్రం చెక్కు చెదరలేదు. సిపాయి గంగులు. పక్కన పటాలం నంబరు.

ఆ బొక్క నాకు నచ్చలేదు. అంత మంచి బిళ్ళకు అదొక కుష్టు మచ్చలాగా కనిపించింది. ఆచారి లేనప్పుడు రాగి తీగ పీకి పారేశాను. బొక్కలో వెండి పోసి పూడ్చి, అరగదీసి, మెరుగు పెట్టాను. వేలితో తడిమినా తెలియనంత బాగా చేశాను. ఆ పనికి నేను చాలా మురిసిపోయాను. ఒక మనిషి మెడలో వేసుకున్న గుర్తును చెరిపేశానని అప్పుడు తోచలేదు. తోచి ఉంటే ఏం చేసేవాణ్ణో చెప్పలేను.

కొన్నేళ్ళు పోయాయి. తెలుగువాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని ఎక్కడ చూసినా అదే మాటగా ఉన్న కాలం. ఏ తాలూకా ఎటు పోతుందో ఎవరికీ తెలియదు. గుడియాత్తం నుంచి కైలీలు, అంటే లుంగీలు, నేసే నేతగాడొకడు అప్పుడప్పుడు మా అంగటికి వచ్చేవాడు. వాళ్ళ వీధిలో ఒక ఇంట్లో పెద్దల అమావాస్యనాడు ఒక వెండి చుక్కకు పూజ చేస్తారని, తక్కిన రోజుల్లో అది బయటికి రాదని మాటల్లో చెప్పాడు. దాని నడుమ రెండు కత్తులుంటాయా అని అడిగాను. ఉంటాయన్నాడు.

ఆ అమావాస్యకు నేను గుడియాత్తం బస్సెక్కాను.

ఇల్లు బస్సు రోడ్డు పక్కనే. వాకిట్లో ఇంటి కోడలు, కన్నెమ్మ అని పేరు, బిందె పట్టుకుని నిలబడి ఉంది. వేలూరు నుంచి వచ్చానని, చుక్కను చూసి పోతానని చెప్పాను. నేతగాడు ముందే చెప్పి ఉంచాడేమో, ఆమెకు నా సంగతి తెలుసు.

"రాణి బిళ్ళలు పోగేసే ఆయన నువ్వేనా," అంది. "ఎంతమంది రాణులుండారు నీకి?"

"చానా మంది ఉండారు."

"నీ పెండ్లాము ఏమీ అనదా?"

"ఆమెకి చూపించేది లేదు."

"అట్లయితే భద్రం," అని నవ్వి లోపలికి పొమ్మంది.

లోపల ఆమె మొగుడు మునస్వామి పూజకు కూర్చుని ఉన్నాడు. అరిటాకు మీద చుక్క ఉంది. చింతపండుతో కడిగి, విభూతితో తోమి తోమి దాని కొనలు అరిగిపోయాయి. అయినా నీలం రంగు ఉంది. రెండు కత్తులూ ఉన్నాయి. చుక్క పక్కన పసుపు ముద్ద ఒకటి, బిళ్ళలాగా గుండ్రంగా అదిమి పెట్టారు. ఎందుకో నాకు అర్థం కాలేదు. మునస్వామి పెద్దల పేర్లు చెబుతూ నీళ్ళు వదిలాడు. మొదటి పేరు గంగులు.

గంగులు అనే పేరుతో పటాలంలో ఎంతమంది ఉండి ఉంటారు. ఎంతోమంది. అట్లా అనుకున్నాను.

అప్పుడే గమనించాను. గడప బయట ఒక ముసలామె చేతులు జోడించుకుని నిలబడి ఉంది. మునస్వామి తల్లి. నరసమ్మ. ముఖం వీధివైపు, వీపు పూజవైపు. ఏదో మైల అయి ఉంటుందనుకున్నాను.

అందరికీ ఆకులు వేశారు. వడ, పాయసం, అన్నం. నాకూ వేశారు. తిన్నాక మునస్వామి కండువా దులుపుకుని లేచాడు. గుడియాత్తం ఆంధ్రాకు పోవాలా, ఇక్కడే ఉండాలా అని ఎక్కడో సభ ఉందట.

"నువ్వు ఏ పక్కప్పా?" అని నన్ను అడిగాడు.

"నేను బస్సు యాడికి పోతే ఆ పక్క," అన్నాను. నవ్వుకుంటూ పోయాడు. చెడ్డమనిషి కాదు. ఈ మాట గుర్తుంచుకోండి. ఆ ఇంట్లో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు.

అందరి తర్వాత నరసమ్మ తిన్నె మీద కూర్చుని తింటోంది. ఆమె పళ్ళెంలో రాగి సంగటి మాత్రమే ఉంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ రోజు మేం మాట్లాడుకున్న మాటలు నాకు ఒక్కటి కూడా పోలేదు. వేరేవన్నీ పోతున్నాయి. అవి మాత్రం పోవు.

"ఏమవ్వా, అందరికీ పాయసం, నీకి సంగటా?"

"నాకిదే నాయనా. మా అత్తా ఇదే తినె. కత తెలిసి అడగతాండావా, తెలీక అడగతాండావా?"

"తెలీదు."

"ధాత కరువని ఒగటి వచ్చింది. విన్నావా? అప్పుడు మా అత్త బాలెంత. మొగోళ్ళు కూలి దొరుకుతాదని ఆలంగాయం కొండల దిక్కు పోయినారు. ఇంట్లో గింజ లేదు. బిడ్డ ఏడవను కూడా శక్తి లేక పడుండాడంట. మా పెద్దాయన గంగులు, మా అత్తకి మామ, అప్పటికి పోయి ఏడాది. ఆయన్ది చుక్కా, బిళ్ళా రెండూ గూట్లో ఉండె. మా అత్త బిళ్ళ తీసుకోనిపోయి వడ్డీ ఆయన కాడ పెట్టి రాగులు తెచ్చింది. మొగోళ్ళు తిరిగొచ్చి, తాతని అమ్ముకుంటివి కదే అన్నారు. ఆ పొద్దునుంచి ఈ ఇంటి పెద్ద కోడలు పెద్దల పూజకి గడప దాటకూడదు. ఆ పొద్దు సంగటే తినల్ల. బిళ్ళ తిరిగొచ్చేదాకా."

"ఆ బిడ్డ ఏమైనాడు?"

"ఆ రాగులు తిని బతికిన బిడ్డే నా మొగుడు," అంది నరసమ్మ. సంగటి ముద్ద నోట్లో పెట్టుకుని మింగి, "ఆయనా నన్ను బయటనే నిలబెట్టినాడు. నిలబడి నిలబడి ఈ వీధిలో కుక్కలన్నీ నాకి తెలుసు," అంది.

నేను నవ్వాను. ఆమె కూడా నవ్వింది. తర్వాత నా ముఖంలోకి చూసి అడిగింది.

"నువ్వు ఇన్ని బిళ్ళలు చూసినావు కదా. మాది చూసినావా నాయనా? రాణి కొప్పు పైన బొక్క ఉంటాది. దాంట్లో రాగి తీగ. పెద్దాయన పెండ్లాము మెడలో ఏసుకోను పొడిపించుకునింది. అంచు మీద ఆయన పేరుంటాదంట. నాకి దాని వెండి వద్దు. సచ్చేలోపల ఒగసారి లోపల నిలబడి దండం పెట్టుకోవల్ల. అంతే. నాకి కాకపోయినా, నా తరువాత కన్నెమ్మ నిలబడల్ల కదా. అది నవ్వతా ఉండే పిల్ల."

అప్పుడు నాకు తెలిసింది. అనుమానం కాదు. తెలిసింది.

"బొక్క ఉండే బిళ్ళ నా కాడ లేదవ్వా," అన్నాను.

చూశారా ఎంత బాగా చెప్పానో. అబద్ధం కాదు. బొక్క లేదు. నేనే పూడ్చాను కదా. ఆ క్షణంలో అంత చక్కటి మాట నా నోటికి ఎట్లా వచ్చిందని ఎన్నోసార్లు ఆలోచించాను. ఆలోచించి చెప్పింది కాదు. నాలుక మీద సిద్ధంగా ఉన్నట్టు వచ్చింది. ఉంది అని చెబితే బిళ్ళ వాళ్ళది అవుతుంది. లేదు అని చెబితే చుక్క ఏదో ఒకరోజు నాది అవుతుంది. అంత లెక్క నా లోపల ఎవరు వేశారు? నేనే వేశాను. ఇంకెవరూ లేరు అక్కడ.

నరసమ్మ తల ఊపింది. నమ్మింది. తర్వాత లేచి, ఇంట్లోకి పోయి, కొంగు చాటున ఏదో పట్టుకుని వచ్చింది. చుక్క. పూజ అయిపోయింది కాబట్టి ఇప్పుడు ఆమె లోపలికి పోవచ్చు. తాకవచ్చు. వింతగా ఉంది కదా ఆ నియమం.

"దీన్ని తీసుకోనిపో," అంది. "దీని జత యాడుండాదో నీకి కాకపోతే ఎవురికి తెలస్తాది. దొరికినాక రెండూ తెచ్చియ్యి. వచ్చే ఏడు పెద్దల అమాసలోపల తెస్తే సాలు. అంతవరకీ దీన్ని ఎవురూ బయటికి తీయరు."

"నీ కొడుకుని అడగవా?"

"అడిగితే వద్దంటాడు. బిళ్ళ వచ్చినాక అడుగుదాంలే."

నేను చెయ్యి చాచాను. వద్దని ఒక్క మాట అన్నానా? అనలేదు. చుక్క నా అరచేతిలోకి వచ్చింది. ఆమె చేతి వేడి దాని మీద ఉంది.

వేలూరు పోయి తలుపు మూసుకుని రెండింటినీ గుడ్డ మీద పక్కపక్కన పెట్టాను. నిజం చెప్పాలి కదా. అంత సంతోషం నాకు అంతకు ముందు లేదు, ఆ తర్వాతా లేదు. ధైర్యానికి పేరు దొరికింది. పేరుకు ధైర్యం దొరికింది. ఎన్నో ఏళ్ళు విడిపోయిన రెండు వస్తువులు నా గుడ్డ మీద కలిశాయి. నేను ఏడ్చాను. ఆ ఏడుపు చూసి నేను మంచివాణ్ణి అనుకున్నాను.

వారం ఉంచుకుని ఇచ్చేద్దాం అనుకున్నాను. తర్వాత నెల అనుకున్నాను. తర్వాత ఒక ఆలోచన వచ్చింది. బిళ్ళను తీసుకుపోతే నరసమ్మ ముందుగా బొక్క కోసం తడుముతుంది. బొక్క లేదే అంటుంది. అప్పుడు పూడ్చింది ఎవరో చెప్పాలి. ముందునుంచీ నా దగ్గరే ఉందని చెప్పాలి. బొక్క మళ్ళీ పొడవవచ్చు కదా అంటారు మీరు. పొడవవచ్చు. పనిముట్లన్నీ నా చేతి కిందే ఉన్నాయి. నాలుగు ఊపిరులు పీల్చేంతసేపటి పని. చెయ్యలేదు. సిగ్గు వల్ల అని చాలాకాలం అనుకున్నాను. సిగ్గు కొంత. ఆశ ఎక్కువ.

సరిహద్దు గొడవ నాకు మంచి సాకు అయింది. ఎటు తేలుతుందో తేలనీ, ఈ సభలు, కేకలు సద్దుమణగనీ, అప్పుడు పోతాను అనుకున్నాను. వెండి చుక్కకు, రాష్ట్రానికి సంబంధం ఏమిటి? ఏమీ లేదు. అయినా ఆ సాకు నన్ను హాయిగా మోసింది.

తర్వాతి ఏడు పెద్దల అమావాస్య వచ్చింది. పోయింది. కొన్నాళ్ళకు నేతగాడు అంగటికి వచ్చి చెప్పాడు.

"ఆ ముసలామె చుక్కను ఏట్లో తోమతా ఉంటే చెయ్యి జారి పోయిందంట. బిళ్ళ ఒగ కోడలు పోగొట్టె, చుక్క ఒగ కోడలు పోగొట్టె. మునస్వామి రొంబ మండిపోయినాడు."

"నా పేరేమైనా వచ్చిందా?" అని అడిగాను. నేను మొదట అడిగింది అదే.

"నీ పేరెందుకు వస్తాది? బిళ్ళలాయన తీసుకోనిపోయినాడా అని కొడుకు అడిగినాడంట. ఆయన్ని అనొద్దు, ఆయన మంచోడు అనిందంట."

ఆమె నన్ను కాపాడింది. ఎందుకు? కొడుకు వచ్చి నాతో గొడవ పడితే నేను వెతకడం మానేస్తానని కాబోలు. నేను ఇంకా వెతుకుతున్నానని ఆమె నమ్మింది. నా కోసం నేరం వాళ్ళ ఊరి కౌండిన్య ఏటి మీద వేసి అబద్ధం చెప్పింది. ఆమె చెప్పింది అబద్ధం, నేను చెప్పింది నిజం. బొక్క లేని నిజం. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తుంటాను ఇప్పుడు, చుక్కనూ బిళ్ళనూ పెట్టి చూసినట్టు.

ఆ ఏడాదినుంచి పూజలో రెండు పసుపు ముద్దలు పెట్టారట. నరసమ్మను గడప దగ్గర కూడా నిలబడనివ్వలేదట. వాకిలి దాటి, ఎద్దులను కట్టేసే గుంజ దగ్గర, రోడ్డు పక్కన నిలబడమన్నారట.

ఆ తర్వాతి ఏడు అమావాస్యకు నేను పోయాను. నమ్మండి, ఇవ్వాలనే పోయాను. రెండూ గుడ్డలో చుట్టి నడుముకు కట్టుకున్నాను. బస్సు ఆ వీధిలోకి తిరిగింది. గుంజ దగ్గర ఆమె కనిపించింది. నిలబడలేక కూర్చుని ఉంది. బస్సు నిదానించగానే తల ఎత్తి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, దిగేవాళ్ళను ఒక్కొక్కరినీ చూసింది. నా కోసమే. ఇంకెవరి కోసం చూస్తుంది? నేను కిటికీ కిందికి వంగాను. కండక్టరు, దిగల్లన్నావే అన్నాడు. ఇంకా అవతల ఉన్న పరదరామికి టికెట్టు కొట్టమన్నాను. పరదరామిలో దిగి ఒక అంగడి ముందు ఊరకే కూర్చుని, ఎదురు బస్సులో తిరిగి వచ్చాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ ఇల్లు కనబడే వైపు కాకుండా ఇవతలి సీట్లో కూర్చున్నాను. ఆమె అక్కడే ఉందో లేదో నాకు తెలియదు. ఉందనే అనుకుంటాను.

చలికాలంలో ఆమె పోయింది. నేతగాడే చెప్పాడు.

తర్వాత రాష్ట్రాలు వేరయ్యాయి. గీతలు గీసేవాళ్ళు గీసేశారు. చిత్తూరు అటు పోయింది. గుడియాత్తం, వేలూరు ఇటు ఉన్నాయి. గొడవ తేలిపోయింది. నాకు సాకు లేకుండా పోయింది. అయినా పోలేదు. ఇవ్వవలసిన మనిషే లేదు కదా అని కొత్త సాకు పుట్టింది. కన్నెమ్మ ఉంది కదా అని నా లోపల ఎవరో అనేవారు. వినిపించుకోలేదు.

ఏళ్ళు గడిచాక మద్రాసు నుంచి ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. ఆయన కూడా మెడల్స్ పోగుచేస్తాడు. నా డబ్బా విప్పి చూసి, మూసలోనుంచి ఇన్నిటిని కాపాడావా అని నా భుజం మీద చెయ్యి వేశాడు. జీవితంలో నన్ను అట్లా మెచ్చుకున్నవాళ్ళు లేరు. చుక్కా, దాని జత బిళ్ళా రెండూ కలిసి ఉన్నవి ఎప్పుడైనా చూశావా అని అడిగాడు. అవి అడుగు దూరంలో, నేను కూర్చున్న పెట్టెలోనే ఉన్నాయి. చూడలేదన్నాను. ఆ ప్రశ్నకు రెండోసారి లేదని చెప్పడం అది. ఈసారి చక్కటి మాట కూడా దొరకలేదు. ఉత్త అబద్ధం. పోగుచేసేవాడికి తన దగ్గర ఉన్న గొప్ప వస్తువును చూపించుకోలేకపోవడం ఎట్లా ఉంటుందో చెప్పను. శిక్ష అని చెప్పుకుంటే నా మీద నాకే జాలి కలుగుతుంది. ఆ జాలి నాకు వద్దు. డబ్బాలో ఉన్నవన్నీ ఆయనకు ఇచ్చేశాను. ఈ రెండే మిగిలాయి.

ఇప్పుడెందుకు చెబుతున్నాను?

ఆ నేతగాడి కొడుకు మొన్న ఏదో పని మీద వేలూరు వచ్చి మా ఇంటికి వచ్చాడు. వాళ్ళ వీధి సంగతులు అడిగాను. మునస్వామి లేడు. పూజ అతని కొడుకు చేస్తున్నాడు. కన్నెమ్మ ముసలిదైపోయింది. పెద్దల అమావాస్యనాడు గుంజ దగ్గరే నిలబడుతుంది. మోకాళ్ళు నొప్పులని ఒక ముక్కాలిపీట వేశారట. చుట్టుపక్కలవాళ్ళు, ఇంకా ఎందుకమ్మా ఇదంతా అంటే ఆమె ఏమందో ఆ పిల్లవాడు నవ్వుతూ చెప్పాడు.

"ఏమో నాయనా. కుక్కలు మారిపోయినాయి, నేను ఈడనే ఉండా అనింది."

అతను పోయాక ఒక మాట గుర్తొచ్చింది. నవ్వతా ఉండే పిల్ల. నరసమ్మ ఆ రోజు తిన్నె మీద అన్న మాట అది.

మరుసటి రోజు పగలు, మా కోడలు నీళ్ళకు పోయినప్పుడు, పెట్టె తెరిచి బిళ్ళ తీశాను. కళ్ళు సరిగా కనబడవు. వేలితో తడిమాను. అంత బాగా పూడ్చానా నేను. చోటు దొరకడమే కష్టమైంది. సన్నటి మేకు పెట్టి చిన్న సుత్తితో కొట్టాను. మేకు జారి రాణి కొప్పు మీద ఒక గీత పడింది. మళ్ళీ కొట్టాను. పూడ్చిన వెండి ఊడి నేల మీద పడి, దొర్లి, మంచం కిందికి పోయింది. వెతకలేదు. కరెంటు తీగ ముక్కలోనుంచి రాగి పోగు లాగి బొక్కలో చుట్టాను. పాతది కాదు. కానీ అట్లాగే ఉంది.

పెద్దల అమావాస్య దగ్గర పడింది. రెండూ గుడ్డలో కట్టి పెట్టాను. ఈసారి బస్సు దిగుతానా? దిగుతాననే అనుకుంటున్నాను. మునుపు కూడా అట్లాగే అనుకుని బయలుదేరాను కాబట్టి నా మాట నేను నమ్మను. ఆ ఇంట్లో కూడా ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. ఈ కాగితాలు ఇచ్చి వచ్చేయడానికి లేదు. నోటితో చెప్పాలి. చెప్పాక వాళ్ళు ఏమంటారో తెలియదు. క్షమించమని అడగను. అడగవలసింది ఎవరినో ఆమె లేదు. కన్నెమ్మ క్షమించినా నరసమ్మ తరఫున క్షమించడానికి ఆమెకు హక్కు లేదు. వాళ్ళు కొడతారేమో. ఆ ముక్కాలిపీట మీద నన్ను కూర్చోమంటారేమో. కూర్చుంటాను.

నరసమ్మ నన్ను అడిగింది ఒక్కటే మాట. దానికి జవాబు ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను.

చూసినా అవ్వా. బొక్క పూడ్చింది నేనే. బిళ్ళ నా కాడనే ఉండాది.

ఇది రాశాక ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఒకసారి పైకి చదివి చూశాను. మాట బయటికి వస్తుందో రాదో అని భయపడ్డాను. గొంతు పలికింది.